దయ్యాల సినిమాల్లో నిజమెంత?

సినిమాహాలులో దీపాలు ఆరిపోతాయి. తెర మీద ఏమీ ఉండదు, అంతా చీకటి. ఆ చీకటిలో తెల్లని అక్షరాలు మెల్లిగా కనబడతాయి: "ఇది నిజంగా జరిగిన కథ." అంతవరకూ వేరుశనగకాయలు ఒలుచుకుంటూ గట్టిగా కబుర్లాడుతున్న వాళ్ళు కూడా ఒక్కసారి నోరు మూసుకుంటారు. పక్కన కూచున్న తమ్ముడు మీ చెయ్యి గట్టిగా పట్టుకుంటాడు.

చిత్రమేమిటంటే, ఆ ఒక్క ముక్క లేకుండా అదే సినిమా చూస్తే మనకు అంత భయం వెయ్యదు. కట్టుకథలోని దయ్యం తెర మీదనే ఉండిపోతుంది. నిజమైన దయ్యమయితే మనతోపాటు ఇంటికి వస్తుంది. ఆ రాత్రి మంచినీళ్ళు తాగటానికి వంటింట్లోకి వెళ్ళాలంటే అమ్మను లేపవలసి ఉంటుంది. సినిమా తీసేవాళ్ళకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు.

మరి ఆ అక్షరాలు తెర మీద వెయ్యటానికి ముందు ఎవరయినా విచారణ చేస్తారా? చెయ్యరు. తూకంలో మోసం చేసే దుకాణదారును పట్టుకునేందుకు అధికారులున్నారు. పాలలో నీళ్ళు కలిపితే కనిపెట్టే సాధనాలున్నాయి. ఏ సినిమాను ఏ వయసువాళ్ళు చూడవచ్చునో నిర్ణయించటానికి సెన్సారువాళ్ళున్నారు. కాని దయ్యం కథలో నిజం ఎన్ని పాళ్ళు, కల్పన ఎన్ని పాళ్ళు అని తూచి చెప్పేవాళ్ళు మటుకు లేరు. ఆ పని మనమే చేసుకోవాలి. అది అంత కష్టమేమీ కాదు. ఒక్కొక్కప్పుడు దయ్యం కథ కంటే అదే తమాషాగా ఉంటుంది కూడాను. ఇలాటి సినిమాలన్నిటిలోకీ పేరుమోసినదాన్ని ఒకదాన్ని తీసుకుని చూద్దాం.

అమెరికాలో న్యూయార్క్ నగరానికి తూర్పుగా, సముద్రంలోకి చాచిన చెయ్యిలాగా, లాంగ్ ఐలండ్ అనే పొడుగాటి దీవి ఉన్నది. ఆ దీవిలో అమిటీవిల్ అనే చిన్న ఊరు. ఆ ఊళ్ళో నీటి ఒడ్డున మూడంతస్తుల పెద్ద చెక్క ఇల్లు ఒకటి ఉన్నది. దాని పై అంతస్తుకు రెండు కిటికీలు, ఒక్కొక్కటి చంద్రుడి ముక్కలాగా, పక్కపక్కనే ఉండేవి. దూరం నుంచి చూస్తే ఇల్లే కళ్ళు తెరిచి మనకేసి చూస్తున్నట్టుండేది.

1974 నవంబరులో ఆ ఇంట్లో నిజంగా ఘోరం జరిగింది. ఒక రాత్రి ఆ ఇంటి పెద్దకొడుకు తన తల్లినీ, తండ్రినీ, ఇద్దరు చెల్లెళ్ళనూ, ఇద్దరు తమ్ముళ్ళనూ తుపాకితో కాల్చి చంపాడు. పోలీసులు అతన్ని పట్టుకున్నారు. కోర్టు విచారించి శిక్ష వేసింది. ఇందులో దయ్యాల ప్రసక్తి లేదు. ఆ మనిషి చేసిన పని ఏ దయ్యం పనికన్నా భయంకరమైనది, అంతే.

అలాటి ఇంటిని ఎవరు కొంటారు? ఏడాదికి పైగా అది ఖాళీగా పడి ఉంది. చివరకు జార్జి లట్జ్, క్యాథీ లట్జ్ అనే దంపతులు దాన్ని 80,000 డాలర్లకు కొన్నారు. ఆ ఇంటికి అది చవక బేరమే. 1975 డిసెంబరు 18న వాళ్ళు తమ ముగ్గురు పిల్లలతోనూ, కుక్కతోనూ ఆ ఇంట చేరారు. సరిగా 28 రోజుల తరువాత, సామాను కూడా అక్కడే వదిలి, ఇల్లు విడిచి వెళ్ళిపోయారు. ఇల్లు దయ్యాలకొంప అనీ, అందులో ఉండలేకపోయామనీ చెప్పారు.

ఈ దంపతులు తాము పడిన బాధలన్నీ టేపు మీదికి ఎక్కించారు. జే ఆన్సన్ అనే రచయిత ఆ టేపులు విని 1977లో ఒక పుస్తకం రాశాడు. దాని అట్ట మీదనే అది నిజమైన కథ అని వేశారు. ఆ పుస్తకంలో లేని వింత లేదు. నడి చలికాలంలో గదినిండా ఈగలు ముసురుతాయి. తాళపు కన్నంలోంచి ఆకుపచ్చని జిగురు కారుతుంది. ఎవరూ ముట్టకుండా వీధి తలుపు బద్దలై వేళ్ళాడుతుంది. ఎర్రని కళ్ళ పంది ఒకటి మేడ కిటికీలోంచి లోపలికి తొంగిచూస్తుంది. పుస్తకం లక్షలమీద అమ్ముడుపోయింది. 1979లో దాన్ని సినిమాగా తీశారు. ఆ సినిమాకు 50 లక్షల డాలర్లయినా ఖర్చు కాలేదు. ఒక్క అమెరికాలోనే 8 కోట్ల డాలర్లకు పైగా వసూలయింది. దయ్యం ఎవరికి చెడుపు చేసిందో గాని, సినిమా తీసినవాళ్ళకు మాత్రం కనకవర్షం కురిపించింది.

ఇప్పుడు మనం నిజానిజాలు చూడాలి. ఎర్రకళ్ళ పందిని పరీక్షించటం మన తరం కాదు. అది వచ్చిందన్నవాళ్ళు వచ్చిందంటారు, లేదన్నవాళ్ళు లేదంటారు. కాబట్టి దయ్యం జోలికి పోకుండా, దయ్యం చుట్టూ ఉన్న చిన్న చిన్న సంగతులను పట్టుకోవాలి.

మంచు సంగతి తీసుకోండి. 1976 జనవరి 1 తెల్లవారుజామున ఆ ఇంటి బయట మంచులో పెద్ద పెద్ద గిట్టల జాడలు కనిపించాయని పుస్తకంలో ఉన్నది. జాడలు పడాలంటే ముందు మంచు ఉండాలి గదా! ఆ దేశంలో ఏ రోజున ఎక్కడ ఎంత మంచు పడిందో రాసిపెట్టే పుస్తకాలున్నాయి. వాటిని తిరగవేసి చూస్తే ఆ రోజున అక్కడ జాడలు పడేటంత మంచే లేదు. ఆ లెక్క రాసిన గుమాస్తాకు దయ్యాలంటే ఇష్టమూ లేదు, పగా లేదు. తన ఉద్యోగధర్మంగా రాసుకున్నాడు. అతన్ని మించిన సాక్షి మనకు దొరకడు.

బద్దలైన తలుపు మాట చూడండి. తరువాత వెళ్ళి పరీక్ష చేసినవాళ్ళకు ఆ ఇంట్లో పాత తలుపులూ, పాత బందులూ, పాత తాళాలూ ఎక్కడివక్కడే కనిపించాయి. బందుల మీద వేసిన పాత రంగు కూడా చెక్కుచెదరలేదు. తలుపు ఊడబెరికి మళ్ళీ బిగిస్తే రంగు పగలకుండా ఉండదని ఏ వడ్రంగి అయినా చెబుతాడు. ఆ రోజుల్లో పోలీసులను ఇంటికి పిలిపించామని పుస్తకంలో ఉన్నది గాని, పోలీసు స్టేషనులో అలాటి పిలుపేదీ వచ్చినట్టు నమోదు కాలేదు.

ఇంకొకటి. ఆ నేల మీద పూర్వం షిన్నకాక్ అనే ఆదిమజాతివాళ్ళు తమలో జబ్బుపడిన వాళ్ళనూ, పిచ్చివాళ్ళనూ తెచ్చి చావటానికి వదిలేసేవారనీ, అందుకే ఆ చోటికి శాపం తగిలిందనీ పుస్తకంలో రాశారు. నిజానికి షిన్నకాక్ ప్రజలు ఉండేది అక్కడికి ఎంతో దూరాన, దీవి తూర్పు కొస వైపున. వాళ్ళు ఈనాటికీ అక్కడ ఉన్నారు. జబ్బుచేసిన వాళ్ళను అలా పారేసి పోయే జాతి అని వాళ్ళమీద ఒక నింద వేసేటప్పుడు వాళ్ళను ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఈ విషయం దాటిపోవద్దు. దీన్ని గురించి మళ్ళీ చెప్పుకోవలసి వస్తుంది.

చివరకు ఈ వ్యవహారం కోర్టుకెక్కింది. హత్యలు చేసిన కుర్రవాడి తరఫున వాదించిన ప్లీడరు ఒకాయన ఉన్నాడు. పుస్తకం రాయించాలన్న ఆలోచన ముందు ఆయనకూ, లట్జ్ దంపతులకూ మధ్య వచ్చినదే. ఆ తరువాత వాళ్ళకు చెడింది, ఒకరిమీద ఒకరు దావాలు వేసుకున్నారు. 1979లో ఆ ప్లీడరు, ఈ భయంకర గాథను తామందరూ కూచుని, ద్రాక్షసారా సీసాలు ఖాళీ చేస్తూ కల్పించామని బాహాటంగా చెప్పేశాడు. దావా విన్న న్యాయమూర్తి కూడా, తాను విన్నదాన్ని బట్టి ఆ పుస్తకం చాలామటుకు కల్పనేననీ, అందులో ఆ ప్లీడరు అందించిన ఊహలు ఎన్నో ఉన్నాయనీ అభిప్రాయపడ్డాడు.

అయితే న్యాయంగా మాట్లాడవలసి వస్తే రెండో పక్షం మాట కూడా చెప్పాలి. పుస్తకంలో కొన్ని తప్పులున్నా, తమ ఇంట్లో జరిగినది ముఖ్యంగా నిజమేనని జార్జి లట్జ్ 2006లో చనిపోయేదాకా అంటూనే వచ్చాడు. ఆయన భయపడలేదని నేననను. ఆరుగురు హత్య అయిన ఇంట్లో, చలికాలపు పొడుగాటి రాత్రుళ్ళలో, చెక్కమెట్లు కిర్రుమంటూంటే నేనయితే రెండో రోజునే మూట కట్టేవాణ్ణి. కాని భయం నిజమైనంత మాత్రాన పంది నిజం కాదు.

ఈ సినిమాను గురించి ఇంకొక తమాషా ఉన్నది. అమిటీవిల్ ఊరి పెద్దలు తమ ఊళ్ళో సినిమా తియ్యటానికి ఒప్పుకోలేదు. అప్పుడు సినిమావాళ్ళు పక్క రాష్ట్రమైన న్యూజెర్సీలో టామ్స్ రివర్ అనే ఊరికి వెళ్ళి, అక్కడ ఒక ఇల్లు చూసుకుని, దానికి రెండు కళ్ళవంటి కిటికీలు పెట్టించి సినిమా తీశారు. "నిజంగా జరిగిన కథ"లో మనకు కనిపించే ఇల్లయినా నిజమైన ఇల్లు కాదన్నమాట!

అసలు ఇంటి గతి ఏమయింది? 1977లో ఇంకొక దంపతులు దాన్ని కొనుక్కుని పదేళ్ళపాటు కాపరమున్నారు. వాళ్ళకు ఈగలూ రాలేదు, పందీ రాలేదు. వచ్చినది మనుషులు! పుస్తకం చదివినవాళ్ళూ, సినిమా చూసినవాళ్ళూ కార్లు వేసుకుని తీర్థానికి వచ్చినట్టు వచ్చేవాళ్ళు. వేళాపాళా లేకుండా గుమ్మం ముందు గుంపులుగా నిలబడేవాళ్ళు. ఈ బాధ పడలేక వాళ్ళు రచయితమీదా, ప్రచురణకర్తలమీదా, లట్జ్ దంపతులమీదా దావా వేశారు. ఆ దావా కోర్టు బయట రాజీ అయింది. ఆ ఇంటి కిటికీలను తరువాత మార్చేశారు. జనం గుర్తుపట్టకుండా ఇంటి నంబరు కూడా మార్చారు. ఆ ఇల్లు తరువాత ఎన్ని చేతులు మారినా, వచ్చినవాళ్ళెవరూ దయ్యానికి భయపడి 28 రోజుల్లో పారిపోలేదు. ఆ ఊరి పేరు పెట్టుకుని మటుకు ఇప్పటిదాకా డజన్లకొద్దీ సినిమాలు వచ్చాయి.

లట్జ్ దంపతులు ఇల్లు విడిచాక, 1976లో, దయ్యాల పరిశోధకులమని చెప్పుకునే ఒక భార్యాభర్తలు ఆ ఇంటికి వెళ్ళి చూశారు. వాళ్ళ పేర్లు ఎడ్ వారెన్, లొరెయిన్ వారెన్. ఇంట్లో దుష్టశక్తి ఉన్నదని వాళ్ళు తేల్చారు. వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా ఎక్కువగా అదే తేలేది. ఈ జంట చేసిన పరిశోధనల ఆధారంగానే 2013లో "ది కంజూరింగ్" అనే సినిమా వచ్చింది. అది కూడా నిజం కథ అనే పేరుమీదనే వచ్చింది. మీ ఇళ్ళలో అన్నయ్యలో, అక్కయ్యలో దాన్ని చూసే ఉంటారు.

ఆ సినిమాలో ఒక బొమ్మ ఉన్నది. పింగాణీ ముఖం, పగిలిన చెంపలు, చూస్తేనే జ్వరం వచ్చే నవ్వు. అసలు బొమ్మ ఎలాంటిదో తెలుసునా? ఎర్ర ఊలు జుట్టూ, మూడు మూలల ముక్కూ ఉన్న గుడ్డబొమ్మ! అమెరికాలో వేలాది పిల్లలు పక్కలో పెట్టుకుని నిద్రపోయే రకం. దాన్ని తెర మీద చూపిస్తే హాలంతా నవ్వుతుందని కాబోలు, ముఖం మార్చేశారు. బొమ్మకు ముఖం మారిస్తే పోయేదేమీ లేదు. బొమ్మకు బాధ ఉండదు.

కాని ఆ సినిమాలో బత్‌షెబా షెర్మన్ అనే ఆవిడ కూడా ఉన్నది. సినిమా ప్రకారం ఆవిడ మంత్రగత్తె. తన పసికందును సైతానుకు బలి ఇవ్వబోతూ పట్టుబడి, 1863లో చెట్టుకు ఉరిపోసుకుని, ఆ నేల మీద కాలు పెట్టినవాళ్ళందరినీ శపించింది. వందేళ్ళు గడిచాక, 1971లో, రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని హారిస్‌విల్ దగ్గర ఒక పాత పొలం ఇంట్లోకి అయిదుగురు ఆడపిల్లలతో కాపరానికి వచ్చిన కుటుంబాన్ని ఆవిడే పీడిస్తుంది. ఇదీ సినిమా కథ.

ఇప్పుడు ఇంకొక విషయం వినండి. బత్‌షెబా షెర్మన్ కల్పిత పాత్ర కాదు. ఆ పేరుగల మనిషి ఆ ప్రాంతంలో నిజంగా బతికింది. ఒక రైతు భార్య. ఆవిడ సమాధి హారిస్‌విల్ శ్మశానంలో ఉన్నది. ఆవిడ చనిపోయినది 1885లో, డెబ్బైయేళ్ళు దాటాక, ముసలితనంలో. అంటే సినిమా ఆవిడను ఉరితీసిన 22 ఏళ్ళ తరువాత కూడా ఆవిడ తన మానాన తాను వంట చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ బతికే ఉన్నది. ఆవిడ మంత్రగత్తె అనిగాని, బిడ్డను బలి ఇవ్వబోయిందనిగాని పాత కాగితాల్లో ఎక్కడా ఆధారం కనిపించలేదు. అసలు ఆవిడ కాపరమున్నది ఆ ఇంట్లోనే కాదు.

సినిమా వచ్చాక ఆవిడ సమాధిరాయిని ఆకతాయిలు పగలగొట్టారు. ఒకసారి కాదు, బాగుచేశాక మళ్ళీ పగలగొట్టారు.

అమిటీవిల్ దంపతులు కోర్టుకు వెళ్ళగలిగారు. హారిస్‌విల్ ఇంట్లో సినిమా నాటికి ఉంటున్న ముసలివాళ్ళు కూడా, అర్ధరాత్రి జనం వచ్చి తమ తోటలో తిరుగుతున్నారని 2015లో సినిమా కంపెనీ మీద దావా వేశారు. ఎప్పుడో 1885లో చనిపోయిన ఆవిడ ఏ కోర్టుకు వెళ్ళగలదు? చనిపోయినవాళ్ళ పరువుకు ఆ దేశంలో చట్టం సాధారణంగా నష్టపరిహారం ఇవ్వదు. మీ ముత్తవ్వను గురించి ఎవరో ఇలాటి కథ అల్లి ఊరూరా ఆడిస్తే మీ ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అయిదుగురు పిల్లలతో ఆ ఇంట్లో ఉన్న కుటుంబం మాటేమిటి? సినిమాలో భూతవైద్యం జరిగి, తెల్లవారేసరికి అంతా సుఖాంతమవుతుంది. నిజంగా వాళ్ళు ఆ ఇంట్లోనే 1980 దాకా ఉన్నారు. ఇల్లు మారటానికి డబ్బు చాలలేదు. తాము అక్కడ వింతలు చూసిన మాట నిజమేనని ఆ పిల్లలు పెద్దవాళ్ళయాక కూడా అన్నారు.

"అయితే వాళ్ళంతా అబద్ధాలకోరులేనా?" అని మీరడగవచ్చు. అలా అనెయ్యటం తొందరపాటు. చీకట్లో తాడును చూసి పామనుకున్నవాడు అబద్ధమాడటం లేదు. అతని గుండె దడదడ కొట్టుకోవటం నిజం, చెమటలు పట్టటం నిజం. అక్కడ లేనిది పాము ఒక్కటే. అయితే అక్కడ ఉన్న తాడేదో వెతకాలి. వెతికినవాళ్ళకు కొన్నిసార్లు అది దొరికింది కూడా.

ఇంగ్లండులో కావెంట్రీ అనే నగరంలో విక్ టాండీ అనే ఇంజనీరు వైద్యపరికరాలు తయారుచేసే చోట పని చేసేవాడు. ఆ గదిలో దయ్యం ఉన్నదని తోటివాళ్ళు అనుకునేవాళ్ళు. ఒక రాత్రి ఆయన ఒంటరిగా పని చేసుకుంటూంటే చలి పుట్టింది, చెమట పట్టింది, తనను ఎవరో చూస్తున్నట్టనిపించింది. కంటి కొసన బూడిదరంగు ఆకారమేదో కదిలింది. తిరిగి చూస్తే ఏమీ లేదు! ఇంకొకడయితే మర్నాడు తాయెత్తు కట్టించుకునేవాడు. టాండీకి కత్తిసాము సరదా. మర్నాడు తన సన్నని కత్తిని బాగుచేసుకోవటానికి తెచ్చి, బల్లకున్న పట్టుకర్రకు బిగించాడు. ఎవరూ ముట్టుకోకుండానే కత్తి కొస వణకసాగింది. అంతకు ముందు రాత్రి కన్న ఈసారి ఆయన ఎక్కువ భయపడి ఉండవలసింది. కాని ఇంజనీరు గనక, వణుకుతున్నదంటే ఎక్కడినుంచో శక్తి అందుతున్నదని ఆలోచించాడు. వెతికితే గది చివర కొత్తగా పెట్టిన గాలిపంకా దొరికింది. అది సెకండుకు ఇంచుమించు 19 సార్లు గాలిని కంపింపచేస్తున్నది. మన చెవికి సెకండుకు 20 కన్న తక్కువ కంపనాలు సాధారణంగా వినిపించవు. వినిపించకపోయినా ఒంటికి తగులుతాయి. పంకా ఆపగానే కత్తి వణుకూ ఆగింది, గదిలోని దిగులూ పోయింది. ఆ కంపనాలు కంటి గుడ్డును కదిలించి ఆకారాన్ని చూపాయేమోనని ఆయన ఊహించాడు. 1998లో ఈ సంగతి ప్రకటించాడు. తరువాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో ఒకటి ఔనన్నట్టూ, ఒకటి కాదన్నట్టూ వచ్చాయి. కాబట్టి అన్ని దయ్యాలనూ ఆ పంకాకే కట్టెయ్యలేము.

ఇంతకన్న పాతదీ, ఇంతకన్న ముఖ్యమైనదీ ఇంకొక ఇంటి కథ ఉన్నది. దాన్ని 1921లో విల్మర్ అనే అమెరికను కంటివైద్యుడు వైద్యుల పత్రికలో ప్రచురించాడు. ఆ కుటుంబం పేరు ఆయన బయటపెట్టలేదు, ఒట్టి అక్షరంతో సరిపెట్టాడు.

1912లో ఆ కుటుంబం ఒక పెద్ద పాత ఇంట్లో చేరింది. దళసరి తివాచీలు పరిచిన ఇల్లు. అడుగుల చప్పుడు కూడా వినిపించనంత నిశ్శబ్దం. కొద్ది రోజులయాక ఆ ఇంట్లో అందరికీ నీరసం పట్టుకున్నది. పిల్లలు పాలిపోయారు, తలనొప్పి అనేవాళ్ళు, ఆకలి లేదనేవాళ్ళు. ఇంట్లో పెంచుకున్న మొక్కలు చచ్చిపోయాయి. ఆ తరువాత చప్పుళ్ళు మొదలయాయి. ఎవరూ లేని పై గదిలో ఎవరో నడుస్తున్నట్టుండేది. ఇంటి యజమానికి తన వెనకనే ఎవరో వస్తున్నట్టుండేది. అర్ధరాత్రి గంటలు మోగుతున్నట్టు వినిపించి మెలకువ వచ్చేది. ఒక రాత్రి ఎవరో తన గొంతు పట్టుకున్నట్టయింది. నౌకర్లు కూడా భయపడసాగారు. వాకబు చేస్తే, అంతకు చాలా ఏళ్ళ కిందట అదే ఇంట్లో ఉండిపోయినవాళ్ళకు కూడా ఇలాటి అనుభవాలే అయినట్టు తెలిసింది.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగి చూడండి. దయ్యాల సినిమాకు కావలసినవన్నీ ఇక్కడ ఉన్నాయి. పాత ఇల్లు, పాలిపోయిన పిల్లలు, చచ్చిన మొక్కలు, పై గదిలో అడుగులు, పాత కాపరస్థుల సాక్ష్యం. ఇక్కడికి వారెన్ దంపతులవంటి వాళ్ళు వచ్చి ఉంటే ఏమనేవారో మీరే చెప్పగలరు.

ఆ యజమానికి ఒక తమ్ముడున్నాడు. ఈ గొడవంతా విన్నాక అతనికి తాను ఎప్పుడో చదివిన వ్యాసం ఒకటి జ్ఞాపకం వచ్చింది. అందులో ఇలాగే ఒక కుటుంబమంతా వింతలు చూశారు, చివరకు వాళ్ళను పీడించినది విషవాయువని తేలింది. అతను వెంటనే పరీక్ష చేయించమన్నాడు. చలిదేశాల్లో ఇల్లంతా వెచ్చబెట్టటానికి నేలమాళిగలో పెద్ద పొయ్యి ఉంటుంది. ఈ ఇంట్లో ఆ పొయ్యి పూర్తిగా చెడిపోయి ఉన్నది. దాని పొగ గొట్టంలోంచి బయటికి పోవటానికి బదులు గదుల్లోకి వస్తున్నది.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. బొగ్గు అయినా, కట్టె అయినా, గ్యాసు అయినా గాలి చాలక సగం సగం మండినప్పుడు అది పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసుకుపోయే ఎర్రని పదార్థం ఒకటి ఉన్నది, దాని పేరు హీమోగ్లోబిన్. అది ప్రాణవాయువును పట్టుకునేదానికన్న 200 రెట్లకు పైగా గట్టిగా ఈ విషవాయువును పట్టుకుంటుంది. బండిలో చోటంతా దొంగ ఎక్కి కూచుంటే టిక్కెట్టు కొన్నవాడికి చోటెక్కడ? మెదడుకు ప్రాణవాయువు చాలదు. తల నొస్తుంది, వాంతి వచ్చినట్టుంటుంది, మనిషి తికమకపడతాడు. లేనిది కనిపిస్తుంది, వినిపిస్తుంది. ఎక్కువయితే నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఇది చలిదేశాల గొడవే అనుకోకండి. తలుపులు మూసిన గదిలో చలికి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నా, కిటికీ లేని స్నానాలగదిలో గ్యాసు గీజరు వెలిగించినా, ఇంట్లోపల జనరేటరు నడిపినా ఇదే వాయువు పుడుతుంది. ఈ పత్రిక చదువుతున్న అమ్మానాన్నలు తమ ఇంటి స్నానాలగది గోడ ఒకసారి పైకెత్తి చూస్తే మంచిది, గాలి పోయే దారి ఉన్నదో లేదో.

ఇక ఆ కుటుంబం సంగతి. పొయ్యిని చూడటానికి వచ్చినవాళ్ళు, పిల్లలను మరొక్క రాత్రి కూడా ఆ ఇంట్లో పడుకోనివ్వవద్దని హెచ్చరించారు. పడుకుంటే వాళ్ళలో కొందరు తెల్లవారి లేవకపోవచ్చునన్నారు. పొయ్యిని బాగుచేయించారు. ఆ తరువాత ఆ ఇంటి పై గదిలో ఎవరూ నడవలేదు.